సియాటిల్‌లో జారిన బంతి

ఆ బంతి జారినప్పుడు నేను పెద్దాయన ఇంట్లో ఉన్నాను. 2007 జనవరి 6, శనివారం రాత్రి. ఒళ్ళో మొక్కజొన్న చిప్స్ గిన్నె, ఎదురుగా పాతకాలపు లావుపాటి టీవీ. సియాటిల్‌లో జరుగుతున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో డాలస్ కౌబాయ్స్ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది, 21-20. ఆట ముగియడానికి ఇంకా నిమిషం పందొమ్మిది సెకన్లు. పందొమ్మిది గజాల దూరం నుంచి బంతిని స్తంభాల మధ్యకు తన్నితే మూడు పాయింట్లు వస్తాయి, గెలుపు దాదాపు చేతికొస్తుంది. వెనక్కి విసిరిన బంతిని అందుకుని, తన్నేవాడి కోసం నేలమీద నిలువుగా పట్టుకోవలసినవాడు టోనీ రోమో. అందుకున్నాడు. నిలబెట్టబోయాడు. జారిపోయింది. దాన్ని ఏరుకుని ఎడమవైపు పరుగుతీశాడు గానీ, చివరి గీతకు రెండు గజాల ముందు దొరికిపోయాడు.

పెద్దాయన ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి పళ్ళేలు కడగడం మొదలుపెట్టారు. టీవీ మాత్రం కట్టేయలేదు. మా నాన్నయితే కట్టేసేవారు.

నాన్న కట్టేసిన టీవీల్లో నాకు బాగా గుర్తున్నది 1999 జనవరి 31 నాటిది. చెన్నైలో పాకిస్తాన్‌తో టెస్టు. సచిన్ నడుం నొప్పితో వంగలేక వంగుతూ 136 పరుగులు కొట్టి, ఇంకా పదిహేడు కావలసి ఉండగా అవుటయ్యాడు. మిగిలినవాళ్ళు నాలుగంటే నాలుగే చేశారు. పన్నెండు పరుగుల తేడాతో ఓడిపోయాం. మల్కాజిగిరిలో మా వీధి వీధంతా ఆ సాయంత్రం అన్న మాట ఒకటే: "చివరిదాకా నిలబడలేకపోయాడు." 136 గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా ఆ మాటే అన్నాను. మర్నాడు కాలేజీలో మరింత గట్టిగా అన్నాను. ఆటగాణ్ణి తూచడానికి అప్పట్లో నా దగ్గర ఉన్న తూనికరాయి అదొక్కటే. దాన్నే సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన పెట్టుకుని 2006 వేసవిలో అమెరికా తీసుకొచ్చాను.

దిగింది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, వ్యాలీ రాంచ్ అనే పేటలో. ఇప్పుడక్కడ తెలుగు వినబడని వీధి అరుదు. అప్పటికే మా అపార్ట్‌మెంట్లలో ఆదివారం పొద్దున ఏ తలుపు ముందు నిలబడ్డా ఇంగువ పోపు వాసన వచ్చేది. నడిచి వెళ్ళేంత దూరంలో కౌబాయ్స్ జట్టు కార్యాలయం, సాధన మైదానం ఉండేవి. ఆ గోడ వెనక ఏముందో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. అంతవరకు ఏదో గోదాము అనుకున్నాను.

పెద్దాయన మా అపార్ట్‌మెంట్లలో మరమ్మతుల మనిషి. అరవై దాటిన నల్లజాతి మనిషి, టెక్సస్‌లోనే పుట్టి పెరిగారు. ఆయన పేరు రాయను. ఆయనకు ఇష్టం ఉండదు. అక్టోబర్ 23, సోమవారం రాత్రి ఎనిమిది దాటాక మా వంటింటి తూము పూడుకుపోయిందని ఫోను చేస్తే వచ్చారు. దోసెడు చింతపండు పిప్పి బయటికి తీసి, అదేమిటో అడగకుండా చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని ముందుగదిలోకి వచ్చేసరికి టీవీలో ఆట రెండో సగం మొదలవుతోంది. న్యూయార్క్ జెయింట్స్‌తో. మొదటి సగంలో ఆడిన డ్రూ బ్లెడ్సోను కూర్చోబెట్టి, ఎవరో కొత్త కుర్రవాణ్ణి దింపారు, పేరు టోనీ రోమో. అతను విసిరిన మొట్టమొదటి బంతే ఎదుటి జట్టు చేతిలో పడింది.

నేను నవ్వాను. "వీడికి రాదు," అన్నాను. ఆ ఆట చూడటం నాకు జీవితంలో మూడోసారో నాలుగోసారో.

పెద్దాయన రెంచి చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నారు. "నువ్వు ఎటు చూస్తున్నావు?" అని అడిగారు.

"బంతిని."

"అందరూ అదే చూస్తారు. బంతి చెయ్యి దాటిపోయాక ఇంక చూడటానికేముంది? అంతకుముందు వాడి కాళ్ళు చూశావా?"

చూడలేదు. క్రికెట్‌లో ఫుట్‌వర్క్ గురించి గంటలకొద్దీ ఉపన్యాసాలు ఇవ్వగలిగినవాణ్ణి, చేత్తో విసిరే ఆటలో కాళ్ళతో పనేమిటనుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఈ ఫుట్‌బాల్‌లో కాలితో తన్నేది తక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. దాదాపు ప్రతి ప్రయత్నమూ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపేవాడి చేతిలోకి బంతి రావడంతో మొదలవుతుంది. రోమో చేసేది ఆ పనే. ముందు అయిదుగురు భారీకాయులు గోడకట్టి అతన్ని కాపాడతారు. ఆ గోడ నిలిచేది రెండున్నర, మూడు సెకన్లు. ఆలోపే ఎవరికి విసరాలో, అసలు విసరాలో వద్దో తేల్చుకోవాలి. జట్టు గెలిస్తే సగం కీర్తి అతనిది. ఓడితే నింద మొత్తం అతనిదే.

ఆ రాత్రి తరువాత పెద్దాయన మా ఇంటికి, నేను వాళ్ళింటికి ఆటకోసం వెళ్ళిరావడం అలవాటైంది. ఆయనకు పులిహోర నచ్చింది, ఉప్మా నచ్చలేదు. మా ఇంట్లో టీవీకి ఆటను రికార్డు చేసే పెట్టె ఉండేది. దానితో ఆయన నాకు బడి పెట్టారు. విసురుకు అర సెకను ముందు బొమ్మను ఆపించేవారు. "ఇప్పుడు చెప్పు, ఎవరివైపు చూస్తున్నాడు? ఎవరికి వేయబోతున్నాడు?" చూపు ఒకవైపు, బంతి ఇంకోవైపు వెళితే తల పంకించేవారు. కళ్ళతో కాపలావాణ్ణి ఎడమకు లాగి, కుడికి వేయడం ఒక విద్య. బంతి అందుకోవలసిన రిసీవర్ ఉన్నచోటికి కాక, ఇంకో మూడడుగుల తరువాత ఉండబోయే చోటికి వేయడం రెండో విద్య. మీదికి నూట నలభై కిలోల మనిషి ఉరికివస్తున్నా కాళ్ళు కంగారుపడకుండా, పాదాలు చిన్నచిన్నగా జరుపుకుంటూ, కళ్ళు మాత్రం దూరంగానే నిలపడం అన్నిటికంటే పెద్ద విద్య. "భయం ముందు కాళ్ళలోకి దిగుతుంది. చేతికి వచ్చేది తరువాత," అనేవారు. నేను రిమోట్ పట్టుకుని ఒకటి, రెండు అని తెలుగులో లెక్కపెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆయనకు కూడా 'ఒకటి, రెండు' వచ్చేశాయి. మూడు మాత్రం ఎప్పుడూ అవసరం పడలేదు.

2007 సెప్టెంబర్ చివర్లో సెయింట్ లూయిస్ జట్టుతో జరిగిన ఆటలో ఒక బంతి రోమో నెత్తిమీదుగా వెనక్కి ఎగిరిపోయింది. అతను వెనక్కి పరుగు, ఏకంగా ముప్ఫై గజాల దాకా. అంత దూరం పోయి దాన్ని పట్టుకుని, వెనుదిరిగి, మీదపడేవాళ్ళను తప్పించుకుంటూ మళ్ళీ అంత దూరమూ పరిగెత్తుకొచ్చి, కావలసిన గజాలు కూడా సంపాదించాడు. మా గది మొత్తం లేచి నిలబడింది. లెక్కల పుస్తకంలో ఆ ప్రయత్నానికి దక్కింది నాలుగు గజాల పరుగు. అంతే. పెద్దాయన ఆ ఒక్క ముక్కను అయిదుసార్లు వెనక్కి తిప్పించి చూశారు. "కాళ్ళు," అన్నారు చివరికి. ఆ తరువాత వెంటనే, "కానీ సియాటిల్," అన్నారు.

ఇదీ ఆయనతో వచ్చిన చిక్కు. కాళ్ళు చూడు, కళ్ళు చూడు, ఫలితం చూడకు అని నాకు నేర్పిన మనిషే ఆ జారిన బంతిని క్షమించలేకపోయారు. "బంతి నిలబెట్టడం క్వార్టర్‌బ్యాక్ పని కాదు కదండీ, రిజర్వులో ఉన్నప్పుడు చేసిన పని, ఇంకా అతని మెడకే వేలాడుతోంది," అని నేను వాదించేవాణ్ణి. "నాకు తెలుసు," అనేవారు. మళ్ళీ వారం "కానీ సియాటిల్".

ఆ సియాటిల్ ఏడాదే, అక్టోబర్‌లో బఫెలోతో ఇంకో ఆట. రోమో అయిదు బంతులు ఎదుటివాళ్ళకు అప్పగించాడు. అందులో రెండిటిని వాళ్ళు నేరుగా టచ్‌డౌన్ చేసేశారు, అంటే బంతితో చివరి గీత దాటేశారు. అయినా చివరి ఇరవై సెకన్లలో తొమ్మిది పాయింట్లు రాబట్టి కౌబాయ్స్ 25-24తో గెలిచింది. మర్నాడు ఊరంతా అతని గుండెధైర్యాన్ని పొగిడింది. ఆరేళ్ళ తరువాత, 2013 అక్టోబర్ 6న, పేటన్ మానింగ్ నడిపిస్తున్న డెన్వర్ మీద అదే రోమో 506 గజాలు, అయిదు టచ్‌డౌన్లు విసిరాడు. జట్టు చరిత్రలో అంతకుముందు ఎవరూ ఒకే ఆటలో అన్ని గజాలు విసరలేదు. చివరి రెండు నిమిషాల్లో ఒక్క బంతి తప్పు చేతికి వెళ్ళింది. 51-48తో ఓడిపోయారు. మర్నాడు ఊరంతా ఆ ఒక్క బంతి గురించే మాట్లాడింది. నాకు మా మల్కాజిగిరి వీధి గుర్తొచ్చింది.

అయితే ఆ సోమవారం మా ఆఫీసులో ఒకతను మిఠాయి పంచాడు. గుంటూరువాడు, కౌబాయ్స్ అభిమాని కూడా కాదు. ఫ్యాంటసీ ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది కదా, వేర్వేరు జట్లలోని ఆటగాళ్ళను కాగితం మీద కూర్చుకుని వాళ్ళ అంకెలతో పోటీపడటం. అందులో అతని క్వార్టర్‌బ్యాక్ రోమో. 506 గజాలంటే అతనికి దీపావళే. ఓడితే ఏమిటి, గెలిస్తే ఏమిటి? పక్క సీటులో ఇరవై ఏళ్ళుగా కౌబాయ్స్‌ను కొలిచే టెక్సస్ మనిషి ఆ మిఠాయి ముట్టలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరికీ మాటల్లేవు.

అంకెల మీద నాకు మొదట్లో చాలా గురి. పాసర్ రేటింగ్ అని ఒకటుంది, 1973 నుంచి వాడుతున్నారు. విసిరిన వాటిలో ఎన్ని చేరాయి, విసురుకు ఎన్ని గజాలు, ఎన్ని టచ్‌డౌన్లు, ఎన్ని బంతులు ఎదుటివాళ్ళ పాలయ్యాయి అన్న నాలుగింటినీ కలగలిపి ఒక అంకె చేస్తారు. అత్యధికం 158.3. నూరు కాదు, నూట యాభై కాదు, 158.3. ఆట మొత్తం ప్రతి బంతినీ తన కాళ్ళ ముందు నేలకేసి కొట్టినా 39.6 వస్తుంది. ఇది మా అకౌంటెంటు బాబాయికి ఫోనులో చెబితే, "పరీక్ష హాలుకు వచ్చినందుకే పాస్ మార్కులన్నమాట," అన్నాడు. నిజంగా ప్రయత్నించి పొరపాట్లు చేసినవాడికి అంతకంటే తక్కువ రావచ్చని చెబితే కాసేపు నమ్మలేదు. ముప్ఫై గజాలు వెనక్కి పరిగెత్తి బంతిని రక్షించినందుకు ఆ లెక్కలో చోటు లేదని చెప్పాక, ఆ లెక్క గురించి మళ్ళీ అడగలేదు.

కౌబాయ్స్ పాత అభిమానులకు అంకెలతో పని లేదు. వాళ్ళు ఉంగరాలు లెక్కపెడతారు. సూపర్ బౌల్ అనే లీగ్ తుదిపోరు గెలిచిన జట్టులో ప్రతివాడికీ ఒక ఉంగరం ఇస్తారు. కౌబాయ్స్ పాత క్వార్టర్‌బ్యాక్‌లలో ట్రాయ్ ఐక్‌మన్‌కు మూడు, రోజర్ స్టాబాక్‌కు రెండు. రోమోకు? మన దుష్యంతుడు నయం, ఉంగరం కనబడగానే గుర్తుపట్టాడు, అంతకుముందు శాపం ఉందని ఒక సాకైనా చెప్పుకోవచ్చు. వీళ్ళకు ఏ దుర్వాసుడి శాపమూ లేకుండానే ఉంగరం లేనివాడి మొహం ఆనదు. ఐక్‌మన్ జీవితకాలపు పాసర్ రేటింగ్ 82 కూడా దాటలేదు, రోమోది 97.1. ఈ మాట అంటే మా ఆఫీసు టెక్సస్ మనిషి కుడిచేతి వేళ్ళు మూడు ఎత్తి చూపించేవాడు. చర్చ ముగిసినట్టే.

ఉంగరంతో వచ్చే తంటా ఏమిటంటే, 2000 సీజన్‌లో బాల్టిమోర్ కోట లాంటి డిఫెన్సు వల్ల గెలిచింది. అప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న ట్రెంట్ డిల్ఫర్‌కూ ఉంగరం ఉంది. 1984లో ఒకే సీజన్‌లో 5,084 గజాలు విసిరిన డాన్ మరీనోకు ఎప్పటికీ లేదు. న్యూయార్క్ జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్‌కు రెండున్నాయి, కెరీర్ మొత్తం చూస్తే సరిగ్గా 117 గెలుపులు, 117 ఓటములు. ఎవరు గొప్ప అని అడిగితే ఒక్కొక్క ఊరివాడు ఒక్కో జవాబు చెబుతాడు.

2010 అక్టోబర్‌లో ఒక రాత్రి నేను నిద్రపోకుండా మొహాలీ టెస్టు చూశాను. ఆస్ట్రేలియా మీద 216 కొట్టాలి, 124కే ఎనిమిది వికెట్లు పడ్డాయి. మన లక్ష్మణ్ నడుం పట్టేసి, రన్నర్‌ను పెట్టుకుని, 73 పరుగులతో చివరిదాకా నిలబడి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు పరుగు విషయంలో ప్రజ్ఞాన్ ఓఝా మీద అరిచాడు. పొద్దున్నే ఆనందం పట్టలేక పెద్దాయనకు కథంతా చెప్పాను. హైదరాబాద్‌వాడు, మణికట్టు తిప్పితే బంతి ఎటు పోతుందో దానికే తెలియదు, అని. ఆయన ఓపికగా విని, "వరల్డ్ కప్పులు ఎన్ని?" అని అడిగారు. గెలవడం మాట అటుంచి, లక్ష్మణ్‌ను ఒక్క వరల్డ్ కప్‌లోనూ ఆడించలేదని చెప్పాను.

"మరి మంచి ఆటగాడని ఎలా చెబుతున్నావు?"

"నేను చూశానండీ," అన్నాను.

ఆయన ఒక్క నిమిషం నావైపు చూశారు. "సరే," అన్నారు. ఆ రోజు సియాటిల్ పేరు ఎత్తలేదు.

మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో రోమోకు పక్కటెముక విరిగింది, ఊపిరితిత్తికి చిల్లు పడింది. అది తెలియకుండానే మళ్ళీ మైదానంలోకి వచ్చి అదనపు సమయంలో 77 గజాల విసురుతో జట్టును గెలిపించాడు. మర్నాడు "మీ లక్ష్మణ్," అన్నారు పెద్దాయన నాతో, మెట్ల మీద బల్బు మారుస్తూ. ఒక్క ముక్కే. నాకు చాలు.

రోమో మీద మా ఇద్దరికీ ఒకే ఒక్క విషయంలో ఎప్పుడూ ఏకాభిప్రాయం ఉండేది: అతని ముందున్న గోడ బాగాలేదు. రెండు సెకన్లకే కూలిపోయే గోడ వెనక నిలబడి ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఈ మాట అంటే మా తెలుగు మిత్రబృందం "ఆడలేక మద్దెల ఓడు" అని ఎగతాళి చేసేది. థాంక్స్‌గివింగ్ రోజు మధ్యాహ్నం కౌబాయ్స్ ఆట ఉంటుంది, అది వాళ్ళకు 1966 నుంచి ఆచారం. మిర్చిబజ్జీలు వేయించుకుంటూ పదిహేనుమంది ఒకచోట చేరి రోమోను తిట్టడం మా ఆచారం. తరువాత జట్టువాళ్ళు మద్దెల బాగుచేశారు. 2011లో టైరన్ స్మిత్, 2013లో ట్రావిస్ ఫ్రెడరిక్, 2014లో జాక్ మార్టిన్. గోడకట్టే ఈ ముగ్గురినీ డ్రాఫ్టు, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమం, మొదటి రౌండులోనే తెచ్చుకున్నారు. అదే రోమో, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, నడుముకు రెండుసార్లు కోత పడ్డాక, 2014లో 113.2 రేటింగుతో లీగ్ మొత్తంలో ప్రథముడయ్యాడు. జట్టు 12-4, అంటే పన్నెండు గెలుపులు, నాలుగు ఓటములు. బజ్జీల బృందంలో సామెత మళ్ళీ వినబడలేదు. మద్దెల ఓడుగానే ఉండిందని ఒప్పుకున్నవాడు కూడా ఎవడూ లేడనుకోండి.

ఆ సీజన్ గ్రీన్ బే చలిలో ముగిసింది. 2015 జనవరి 11. నాలుగో ప్రయత్నం, రెండు గజాలు కావాలి, అయిదు నిమిషాల లోపు సమయం. అందరూ చిన్న విసురు అనుకుంటుంటే రోమో దూరాన ఉన్న రిసీవర్ డెజ్ బ్రయంట్‌కు వేశాడు. అతను గాల్లోకి లేచి అందుకుని గీత దగ్గర పడ్డాడు. ముందు క్యాచ్ అన్నారు, మళ్ళీ చూసి కాదన్నారు. ఓటమి, 26-21. ఆ రోజు రోమో విసిరిన పందొమ్మిదిలో పదిహేను చేరాయి. 2018లో అసలు క్యాచ్ నిబంధననే మార్చారు. ఓటమి మాత్రం అతని ఖాతాలోనే ఉంది: ప్లేఆఫ్స్ అనే సీజన్ చివరి నాకౌట్ ఆటల్లో రెండు గెలుపులు, నాలుగు ఓటములు. ఆట అయ్యాక పెద్దాయన వంటింట్లోకి వెళ్ళలేదు. అలాగే కూర్చుని, విసురుకు ముందు బొమ్మ ఆపమన్నారు. పాదాలు చూశాం. ఎక్కడా తొట్రుపాటు లేదు.

తరువాతవి త్వరగా జరిగిపోయాయి. 2015లో రోమో కాలర్‌బోన్, అంటే మెడకూ భుజానికీ మధ్య ఎముక, రెండుసార్లు విరిగింది. 2016 ఆగస్టులో నడుం. నాలుగో రౌండులో వచ్చిన డాక్ ప్రెస్కాట్ 13-3తో జట్టును నడిపాడు. నవంబర్‌లో రోమో విలేఖరుల ముందు నిలబడి, కాగితం చూసి చదువుతూ, ఆ చోటు డాక్ సంపాదించుకున్నాడని ఒప్పుకున్నాడు. 2003 డ్రాఫ్టులో ఏడు రౌండ్లలో ఏ జట్టూ ఎంచుకోని మనిషికి ఒక చోటు సంపాదించుకోవడమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మరుసటి వసంతంలో ఆట మానేసి టీవీ వ్యాఖ్యాత అయ్యాడు. కౌబాయ్స్ కార్యాలయం వ్యాలీ రాంచ్ నుంచి ఫ్రిస్కోకు మారింది. మా బృందంలో సగం మంది కూడా దాని వెనకే అన్నట్టు ఫ్రిస్కోలో ఇళ్ళు కొనుక్కున్నాం. పెద్దాయన పనిమానేసి ఓక్లహోమాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు రెంచి మా ఇంట్లో వదిలేశారు, మరచిపోయి కాదు.

2019 జనవరి 20 రాత్రి ఫోను మోగింది. కాన్సస్ సిటీ, న్యూ ఇంగ్లండ్ ఆట అదనపు సమయంలోకి వెళ్ళి అప్పుడే ముగిసింది. న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఏం చేయబోతున్నాడో, బంతి ఎటు వెళ్ళబోతోందో, ఆటగాళ్ళు నిలబడిన తీరు చూసి ముందే చెబుతూ పోయాడు వ్యాఖ్యాత రోమో. చెప్పినవి చెప్పినట్టు జరుగుతుంటే దేశమంతా నోరు తెరుచుకుని విన్నది.

"విన్నావా? బంతి కదలకముందే చెప్పేస్తున్నాడు," అన్నారు పెద్దాయన. గొంతు సన్నబడింది.

"మీరు బొమ్మ ఆపించి నన్ను అడిగేవారు. అతను ఆపకుండానే చెబుతున్నాడు," అన్నాను.

నవ్వారు. కాసేపు అవతలి నుంచి మాట లేదు. "కళ్ళు మంచివే," అన్నారు. "కాళ్ళు కూడా."

నేను ఫోను చెవికి ఇంకాస్త ఆనించుకున్నాను.

"ఆ సియాటిల్‌లో కూడా ఒక్కసారి..."

"అది క్వార్టర్‌బ్యాక్ పని కాదండీ," అన్నాను, ఆ పన్నెండేళ్ళలో ఎన్నోసారో.

"నాకు తెలుసు," అన్నారు. ఫోనులో కొళాయి తిప్పిన చప్పుడు, ఆ వెంటనే పళ్ళేల చప్పుడు వినబడ్డాయి.